మ్యాచ్ అయ్యాక ఒకాయన వీల్‌చైర్‌లోంచి లేచి నడుచుకుంటూ వెళ్లాడు. ఇది న్యాయమేనా?

పక్కసీటు (చర్చ మొదలుపెట్టినవారు) | శనివారం, రాత్రి 9.50

ఇవాళ మొదటిసారి వీల్‌చైర్ రగ్బీ లీగ్ మ్యాచ్‌కి వెళ్లాం. నేనూ, మా ఆవిడా, తొమ్మిదేళ్ల పాప. స్పోర్ట్స్ హాల్లో పెట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్లు మహా అయితే నూటయాభై మంది. అందులో సగం ఆటగాళ్ల ఇళ్లవాళ్లే అనుకుంటా, ట్రై (బంతిని ఎదుటి జట్టు గీత దాటించి పాయింట్లు కొట్టడం) పడినప్పుడల్లా ముందు "డాడీ!" అన్న కేకే వినపడింది.

ఆట మాత్రం అదిరిపోయింది. కుర్చీలు ఢీకొంటే ఇనప బీరువా మెట్ల మీంచి దొర్లినట్టు చప్పుడు. ఒకాయన కుర్చీతో సహా వెల్లకిలా పడితే మా ఆవిడ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆయన్ని లేపేశారు, మళ్లీ ఆడేస్తున్నాడు.

అసలు సంగతి ఇప్పుడు. చివరి హూటర్ మోగింది, అందరూ చేతులు కలుపుకున్నారు. మా ఎదురుగా ఆగిన ఆరో నంబరు ఆటగాడు తొడల మీద పట్టీ విప్పాడు, పాదాల దగ్గర పట్టీ విప్పాడు, లేచి నిలబడి ఒళ్లు విరుచుకున్నాడు. కుర్చీని తోసుకుంటూ వెళ్లిపోయాడు. మా పాప హాలంతా వినపడేలా "నాన్నా, ఆయన చీటింగ్!" అంది. పక్కవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అదే క్షణంలో నాకూ అదే అనిపించింది.

రెండు ప్రశ్నలు. ఒకటి, నడవగలిగినవాళ్లని ఎలా ఆడనిస్తారు? రెండు, ఇంత మంచి ఆటకి జనం ఎందుకు రారు?

నాలుగోక్వార్టర్ | శనివారం, రాత్రి 10.31

ముందు ఒక ముడి విప్పాలి. "వీల్‌చైర్ రగ్బీ" అని జనం రెండు వేర్వేరు ఆటల్ని పిలుస్తారు. వాటి మధ్య చుట్టరికం చాలా దూరం.

మీరు చూసింది వీల్‌చైర్ రగ్బీ లీగ్. 2004లో ఫ్రాన్స్‌లో పుట్టింది. జట్టుకి ఐదుగురు. కోలబంతి, వెనక్కే పాస్, ఆరు ట్యాకిళ్లయితే బంతి ఎదుటి జట్టుకి, ట్రైకి 4 పాయింట్లు, అంతా మామూలు రగ్బీ లీగ్ (పరుగెత్తి ఆడే రగ్బీలో ఒక రకం) లెక్కే. ట్యాకిల్ అంటే భుజం దగ్గర వెల్‌క్రోతో అతికించిన ట్యాగ్‌ని లాగెయ్యడం. కాలితో తన్నడానికి బదులు పిడికిలితో గుద్దుతారు. ఆడా మగా కలిసే ఆడతారు. కోర్టులో ఉన్న ఐదుగురిలో ఇద్దరి దాకా వైకల్యం లేనివాళ్లు ఉండొచ్చు. క్లబ్బు మ్యాచుల్లోనే కాదు, దేశం తరఫున ఆడేటప్పుడూ ఇంతే. కాబట్టి మీ ఆరో నంబరాయన దొంగచాటుగా చేసిందేమీ లేదు.

పారాలింపిక్స్‌లో వచ్చేది ఇంకోటి. 1970లలో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టింది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని, కాళ్లతోపాటు చేతుల్లోనూ పట్టు పోయినవాళ్లు దాన్ని తయారుచేసుకున్నారు. ఎందుకంటే వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌లో వాళ్ల చేతికి బంతి వచ్చేదే కాదు. మొదట్లో దాని పేరు మర్డర్‌బాల్. పేరు చూస్తే స్పాన్సర్లు పారిపోరా మరి, తర్వాత మార్చారు. బంతి గుండ్రటిది, వాలీబాల్ లాంటిది. ముందుకి పాస్ చెయ్యొచ్చు. కుర్చీతో కుర్చీని గుద్దడం ఆటలో భాగమే. 1996 అట్లాంటాలో ప్రదర్శనగా పెట్టి, 2000 సిడ్నీ నుంచి పతకాలు ఇస్తున్నారు.

అందులో వైకల్యం లేనివాళ్లకి చోటు లేదు. అంతే కాదు, నడుము కింద స్పర్శ లేకపోయినా చేతులు పూర్తిగా బాగున్నవాళ్లకి కూడా లేదు. ఇది చాలామందికి తెలియదు.

ఎర్రకార్డు | శనివారం, రాత్రి 10.58

రూల్ ఒప్పుకుంటుంది కాబట్టి చీటింగ్ కాదు, సరే. రూలే తప్పు అంటాను నేను.

ఐదు చోట్లలో రెండు అంటే నలభై శాతం. బయట ప్రపంచంలో నడిచేవాళ్లకి ఆడుకోవడానికి వంద ఆటలున్నాయి. వీళ్లకి ఉన్న పిడికెడు ఆటల్లో కూడా రెండు కుర్చీలు మనమే లాక్కోవాలా? అదీ ప్రపంచకప్‌లో?

సిడ్నీ 2000 గుర్తుందా? మేధోవైకల్యం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ బంగారం గెలిచింది. తీరా చూస్తే 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమూ లేదు. పతకం వెనక్కి ఇచ్చారు. శిక్ష ఎవరికి పడింది? నిజంగా వైకల్యం ఉన్నవాళ్లకి. వాళ్ల పోటీలన్నీ తీసేశారు, 2012 దాకా తిరిగి పెట్టలేదు. తలుపు కాస్త తెరిస్తే ఇలాగే ఉంటుంది.

నాలుగోక్వార్టర్ | శనివారం, రాత్రి 11.04

స్పెయిన్‌వాళ్లు అబద్ధం చెప్పి దూరారు. ఇక్కడ అబద్ధం ఎక్కడుంది? ఎవరికి వైకల్యం ఉందో, ఎవరికి లేదో జట్టు ముందే చెబుతుంది. రెండూ ఒకటే అంటే ఎలా?

ఎర్రకార్డు | శనివారం, రాత్రి 11.09

అబద్ధం సంగతి వదిలెయ్యండి. చోటు పోయిందా లేదా? దానికి చెప్పండి జవాబు.

టైర్‌ట్యూబ్ | ఆదివారం, ఉదయం 7.15

నేను ఈ ఆట ఆరేళ్లుగా ఆడుతున్నాను. కుర్చీ నాకు ఆటవస్తువు కాదు, రోజంతా దాంట్లోనే ఉంటాను. కాబట్టి రెండు ముక్కలు చెప్పనివ్వండి.

నేను మొదలుపెట్టినప్పుడు మా ఊరి దగ్గర నాలాంటివాళ్లం ముగ్గురం. ముగ్గురితో ఏం ప్రాక్టీస్ చేస్తాం? బంతి ఇటు విసురు, అటు విసురు, ఇంటికి పో. మా తమ్ముడు, ఇంకొకరి భార్య, ఒక నర్సు వచ్చి కూర్చుంటేనే ముగ్గురికి ముగ్గురం అయ్యాం. ఏడాదిన్నర తర్వాత పది మందిమయ్యాం. వాళ్లు లేకపోతే ఆ ఏడాదిన్నర గడిచేదే కాదు, క్లబ్బూ ఉండేది కాదు.

ఇంకో మాట. నాకు ప్రమాదం జరిగింది పందొమ్మిదేళ్లప్పుడు. అంతకు ముందు నేనూ మా తమ్ముడూ ఒకే జట్టులో రగ్బీ ఆడేవాళ్లం. తర్వాత నాలుగేళ్లు వాడు మ్యాచ్‌కి వెళ్తే నేను కార్లో కూర్చుని చూసేవాణ్ణి. ఇవాళ మళ్లీ ఒకే జట్టులో ఉన్నాం. వాడికి పాస్ ఇస్తే పట్టుకోడు వెధవ, అది వేరే సంగతి. అన్నదమ్ములు కలిసి ఆడగలిగే ఆట నాకు ఇదొక్కటే దొరికింది.

ఎర్రకార్డు గారూ, మీరు నా తరఫున బాధపడుతున్నందుకు థాంక్స్. కానీ మా తమ్ముడు నా చోటు లాక్కోలేదు. నాకు చోటు చేశాడు.

పక్కసీటు | ఆదివారం, ఉదయం 8.02

ఇది చదివాక నా మొదటి పోస్టు తీసేద్దామా అనిపించింది.

మోడరేటర్ | ఆదివారం, ఉదయం 8.20

తీసెయ్యకండి. అందరికీ వచ్చే అనుమానమే అది. ఒక మనవి మాత్రం: "మామూలు మనుషులు" అన్న మాట ఇప్పుడే ఒక పోస్టులోంచి తొలగించాను. "వైకల్యం లేనివాళ్లు" అనండి చాలు.

సుధ_ఫిజియో | ఆదివారం, ఉదయం 10.40

పక్కసీటు గారూ, ఒక్కటి అడుగుతాను. ఆరో నంబరాయనకి వైకల్యం లేదని మీకెలా తెలుసు?

లేచి నిలబడ్డాడు, నడిచాడు. అంతే కదా మీరు చూసింది. మోకాలి కింద కాలు తీసేసి కృత్రిమ కాలు పెట్టుకున్నవాళ్లు ట్రౌజర్ వేసుకుంటే మీరు గుర్తుపట్టలేరు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల జబ్బు) ఉన్నవాళ్లు ఒకరోజు నడుస్తారు, ఇంకోరోజు మంచం దిగలేరు. సెరిబ్రల్ పాల్సీలో (మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పడం) తేలికరకం ఉంటే పది అడుగులు బానే వేస్తారు, పరుగెత్తమంటే పడిపోతారు. వీళ్లంతా వైకల్యం ఉన్న ఆటగాళ్ల కిందికే రావచ్చు. ఆ ఇద్దరి లెక్కలో ఉండరు.

నా దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పే ఫిర్యాదుల్లో ఇదొకటి. వికలాంగుల పార్కింగ్‌లో కారు ఆపి దిగి నాలుగు అడుగులు వేస్తే చాలు, ఎవరో ఒకరు అద్దం మీద కొడతారట, "నీకేమైంది?" అని. చూసేవాళ్ల లెక్కలో కుర్చీలో ఉంటే పూర్తిగా కదల్లేకూడదు. లేస్తే దొంగ.

పక్కసీటు | ఆదివారం, ఉదయం 10.55

నిజమే మేడమ్. నేను అడగలేదు, చూసి అనేసుకున్నాను. పాపకి కూడా "రూల్ ఒప్పుకుంటుందిలే" అని చెప్పానే గానీ ఇది తట్టలేదు.

ఎర్రకార్డు | ఆదివారం, మధ్యాహ్నం 12.10

సుధ గారి పాయింట్ బావుంది. కానీ దాంతో నా ప్రశ్న ఎగిరిపోలేదు. నిజంగానే ఏ వైకల్యమూ లేని మనిషి కూర్చుంటే అతనికి లాభం ఉందా లేదా? ఫిజియోగా చెప్పండి.

సుధ_ఫిజియో | ఆదివారం, మధ్యాహ్నం 1.35

ఉంది. దాచుకోవడానికేం లేదు.

కుర్చీలో అసలు బలం చేతుల్లో ఉంటుందనుకుంటారు. నడుములో, పొట్ట కండరాల్లో ఉంటుంది. అవి పనిచేసేవాళ్లు పక్కకి వంగి ట్యాగ్ అందుకుని మళ్లీ నిటారుగా కూర్చోగలరు. గుద్దినప్పుడు ఒళ్లు బిగపట్టగలరు. ఛాతీ మధ్య నుంచి కిందికి స్పర్శ లేనివాళ్లు పక్కకి వంగితే తిరిగి లేవడానికి ఒక చేత్తో చక్రాన్నో ఫ్రేమునో పట్టుకోవాలి. ఆ చెయ్యి ఆ క్షణానికి ఆటలో లేనట్టే.

పారాలింపిక్ వీల్‌చైర్ రగ్బీలో పాయింట్ల పద్ధతి ఇందుకే. ఒక్కొక్కరికి 0.5 నుంచి 3.5 దాకా. ఒళ్లు తక్కువగా సహకరించేవాళ్లకి తక్కువ పాయింట్లు. కోర్టులో నలుగురివి కలిపి 8 దాటకూడదు. ఇద్దరు 3.5 వాళ్లని దింపాలంటే పక్కన ఇద్దరు 0.5 వాళ్లు ఉండి తీరాలి. అంటే అందరికన్నా తక్కువ కదలగలిగిన మనిషి లేకుండా స్టార్ ఆటగాడు కోర్టులోకి రాలేడు. మహిళ ఆడుతుంటే జట్టుకి ఇంకో అర పాయింటు వెసులుబాటు.

ఆ 0.5 వాళ్ల ఆట ఒకసారి దగ్గర్నుంచి చూడండి. బంతి వాళ్ల దగ్గరికి పెద్దగా రాదు. కుర్చీ ముందు కొక్కెంలాంటి బంపరు ఉంటుంది, దాంతో ఎదుటి స్టార్‌ కుర్చీని తగిలించి కదలకుండా పట్టేస్తారు. స్కోరుబోర్డులో పేరు రాదు, మ్యాచ్ మాత్రం అక్కడే గెలుస్తారు. విరామంలో ఎవరో వచ్చి వాళ్ల ముఖం మీద, మెడ మీద నీళ్లు స్ప్రే చేస్తుంటారు. సరదాకి కాదు. మెడ దగ్గర వెన్ను దెబ్బతింటే ఒళ్లు సరిగ్గా చెమట పట్టదు, వేడి బయటికి పోదు.

నాలుగోక్వార్టర్ | ఆదివారం, మధ్యాహ్నం 2.20

సుధ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఈ గీత గీయడం ఎంత కష్టమో చూడాలంటే 2020లో వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌లో జరిగింది చూడండి. అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ అర్హతలు మళ్లీ చూడమని పట్టుబట్టింది. బ్రిటన్ ఆటగాడు జార్జ్ బేట్స్ లాంటివాళ్లు ఉన్నట్టుండి అనర్హులయ్యారు. అతనికి కాలిలో విపరీతమైన నొప్పి ఉండే జబ్బు, అప్పటికే దేశం తరఫున ఆడుతున్నాడు. ఆడాలంటే కాలు తీయించుకోవాలా అన్న ఆలోచన కూడా వచ్చిందని అతనే బయటికి చెప్పాడు.

రోజువారీ బతుకులో వికలాంగుడు, పోటీకి మాత్రం కాదు! అదే బాస్కెట్‌బాల్‌లో కెనడా లాంటి దేశాల దేశవాళీ పోటీల్లో ఏ వైకల్యమూ లేనివాళ్లు కూడా 4.5 పాయింట్ల (బాస్కెట్‌బాల్‌లో అదే అన్నిటికన్నా ఎక్కువ) ఆటగాళ్లుగా దర్జాగా ఆడతారు. కాబట్టి "ఆడొచ్చా?" అని గాల్లో అడిగితే జవాబు రాదు. ఏ ఆట, ఏ స్థాయి, అది ఎవరికోసం పుట్టింది అని అడగాలి.

మర్డర్‌బాల్ పుట్టిందే బలమైన చేతులవాళ్లు తమని పక్కకి నెట్టేశారని. అందులోకి మళ్లీ బలమైన చేతుల్ని రానిస్తే ఆ ఆటకి అర్థం లేదు. లీగ్‌వాళ్లది పక్కవాణ్ణి కూడా కూర్చోబెట్టుకునే ఆట. ఒకదాని రూలు ఇంకోదానికి పెడితే రెండూ చెడతాయి.

టైర్‌ట్యూబ్ | ఆదివారం, రాత్రి 8.47

పొద్దున నేను రాసింది చదివి అందరూ నన్ను పెద్దమనిషిని చేసేశారు. అదీ పూర్తి నిజం కాదు, చెప్పేస్తాను.

రెండేళ్ల కిందట ఒక ఫైనల్. నేను అప్పుడు ఉన్న క్లబ్బు పేరు అనవసరం. సీజన్ అంతా ఆడాను. ఫైనల్‌కి రెండు వారాల ముందు ఒక కుర్రాడు వచ్చాడు. అంతకు ముందు పరుగెత్తి ఆడే రగ్బీ ఆడినవాడు, ఏ వైకల్యమూ లేదు, నాలుగు నెలలే కుర్చీ ఆడాడు. చేతులు చూస్తే కడ్డీలు. నన్ను కూర్చోబెట్టి అతన్ని ఆడించారు. నేను అప్పటికే కుర్చీలో ఉన్నాను కాబట్టి "బెంచీ మీద కూర్చోబెట్టారు" అనడానికి కూడా లేదు.

గెలిచాం. మెడల్ నా దగ్గరా ఉంది. సొరుగులో ఉంది.

ఇంకోటి ఎవరూ అనరు. మ్యాచ్ అయ్యాక అతను లేచి నడుచుకుంటూ కారెక్కుతాడు. రేపు పొద్దున దాకా అతని భుజాలకి సెలవు. నేను అవే భుజాలతో కార్లోకి ఎక్కాలి, కుర్చీ విప్పి పక్క సీట్లో పెట్టాలి, ఇంటికెళ్లి బాత్రూంలో కమోడ్ మీదికి మారాలి, మంచం మీదికి మారాలి. శనివారం ఆట పూర్తిగా ఆడాలా, సోమవారానికి భుజం మిగుల్చుకోవాలా అన్న లెక్క నేను ప్రతి మ్యాచ్‌లో వేసుకుంటాను. ఆ లెక్క అతనికి లేదు. ఏ పాయింట్ల పట్టికలోనూ అది కనపడదు.

అందుకే నా మాట ఇది: ప్రాక్టీసుకి ఎంతమందైనా రండి. సీజన్‌లో మామూలు మ్యాచులకి ఇద్దరు, సరే. ఫైనళ్లలో ఒక్కరు చాలు. మా తమ్ముడు ఇది చదివితే తంతాడు.

ఎర్రకార్డు | ఆదివారం, రాత్రి 9.12

నేను మూడు పోస్టుల్లో చెప్పలేనిది మీరు చెప్పారన్నా. నేను పూర్తిగా వద్దన్నాను, అది ఎక్కువే అయ్యుండొచ్చు. ఆ ఏడాదిన్నర సంగతి నాకు తట్టలేదు. కానీ ఒక్కరు అన్నదాని దగ్గర మీతోనే ఉంటాను.

నాలుగోక్వార్టర్ | ఆదివారం, రాత్రి 9.30

నేను ఒప్పుకోను. ఫైనల్‌కి రూల్ మారిస్తే సీజన్ అంతా మోసిన తమ్ముణ్ణి చివర్లో బయట నిలబెట్టినట్టే కదా. అప్పుడు సొరుగులో మెడల్ అతనిదవుతుంది. మీకు జరిగింది రూల్ తప్పు కాదు, కోచ్ తప్పు.

టైర్‌ట్యూబ్ | ఆదివారం, రాత్రి 9.41

కావచ్చు. కోచ్‌లకి అలాంటి అవకాశం ఇచ్చింది మాత్రం రూలే.

స్క్రమ్‌సుబ్బారావు | సోమవారం, ఉదయం 6.05

కుర్రాళ్లూ, రెండో ప్రశ్న గాలికి వదిలేశారు. జనం సంగతి నేను చెబుతాను, ముప్పై ఏళ్లుగా రగ్బీ స్టేడియాల మెట్లు ఎక్కి దిగి మోకాళ్లు అరిగినవాణ్ణి.

2022 నవంబరు 18, శుక్రవారం. మాంచెస్టర్ సెంట్రల్. ఒకప్పుడు రైల్వే స్టేషను, పైన పెద్ద ఇనప కమాను అలాగే ఉంది. వీల్‌చైర్ లీగ్ ప్రపంచకప్ ఫైనల్, ఇంగ్లండ్, ఫ్రాన్స్. కోవిడ్ వల్ల 2021 టోర్నీ ఏడాది ఆలస్యంగా జరిగింది. లోపల 4,526 మంది. ఈ ఆటకి అప్పటికి అదే రికార్డు. చివరి నిమిషాల్లో ఇంగ్లండ్ కెప్టెన్ టామ్ హాలీవెల్ ట్రై వేస్తే 28-24. ఆ కమాను కింద కేక తిరిగి తిరిగి వచ్చి మన నెత్తినే పడింది. నా పక్కన ఫ్రాన్స్ జెండా కప్పుకున్న పెద్దావిడ ఏడుస్తూనే చప్పట్లు కొట్టింది.

మర్నాడు ఓల్డ్ ట్రాఫర్డ్‌లో పురుషుల, మహిళల ఫైనళ్లు. 67,502 మంది. రెండూ ఆస్ట్రేలియావే. రెండింటికీ వెళ్లాను. నిజం చెప్పనా? పెద్ద స్టేడియంలో నాకు గుర్తున్నది క్యూ. చిన్న హాల్లో గుర్తున్నది ఆట.

జనం రారు అంటారు గానీ, తెస్తే వస్తారు. పురుషులు, మహిళలు, వీల్‌చైర్ మూడు టోర్నీలూ ఒకే పండగలా కలిపి పెట్టారు, టీవీలో వేశారు, అందుకే వచ్చారు. మహిళల రగ్బీ యూనియన్‌కి (పరుగెత్తి ఆడే రగ్బీలో ఇంకో రకం) జనం రారని ఎన్నేళ్లు విన్నాం? 2025 ప్రపంచకప్ ఫైనల్‌కి లండన్‌లోని ట్వికెనమ్ స్టేడియంలో 81,885 మంది కూర్చున్నారు.

కొత్తగావచ్చా | సోమవారం, ఉదయం 9.18

అడగొచ్చో లేదో. రగ్బీలో రెండు జట్ల అభిమానులు కలిసి కూర్చుంటారట, నిజమేనా? గొడవలు కావా?

స్క్రమ్‌సుబ్బారావు | సోమవారం, ఉదయం 9.50

నిజమే తల్లీ. యూనియన్‌లోనూ లీగ్‌లోనూ మామూలుగా విడదీయరు. ఫుట్‌బాల్‌కి కంచెలు, పోలీసులు, వేరే గేట్లు. ఇక్కడ నీ పక్కన ఎదుటి జట్టు చొక్కా వేసుకున్నవాడు కూర్చుని నీకే స్కోరు చెబుతాడు. ఐర్లండ్‌లో మన్‌స్టర్ జట్టు మైదానం థోమండ్ పార్క్‌లో ఎదుటి జట్టు కిక్కర్ బంతి ముందు నిలబడితే వేల మంది ఊపిరి బిగపడతారు, సూది పడితే వినపడుతుంది.

అయితే మరీ దేవుళ్లని చెయ్యక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్‌కి మైదానం కనపడే చోట మందు తాగకూడదని 1985 నుంచి చట్టం ఉంది, రగ్బీకి లేదు. దాని ఫలితం: పది నిమిషాలకోసారి ఒకడు బీరు ట్రే పట్టుకుని "సారీ, సారీ" అంటూ మన కాళ్లు తొక్కుకుంటూ పోతాడు, మరో పది నిమిషాలకి అదే బీరు దింపుకోవడానికి మళ్లీ వస్తాడు. ఒకసారి ట్రై పడ్డ క్షణంలో నా ముందు ఉన్నది ఆట కాదు, ఒకడి బెల్టు.

టైర్‌ట్యూబ్ | సోమవారం, మధ్యాహ్నం 1.05

సుబ్బారావు గారూ, మీకు ఒకసారి. నాకు ప్రతిసారీ.

ఒక పెద్ద స్టేడియంలో నా వీల్‌చైర్ చోటు కింది వరసల వెనకాల. మిగతా సమయమంతా బాగానే కనిపిస్తుంది. బంతి లైను దగ్గరికి వచ్చేసరికి ముందున్న వరసలన్నీ లేచి నిలబడతాయి. అంటే డబ్బులిచ్చి చూడాల్సిన ఆ ఐదు సెకన్లే నాకు కనపడవు. కోట్ల వీపులు కనిపిస్తాయి. అరుపుల్ని బట్టి ఎవరు వేశారో ఊహించుకుని, తర్వాత పెద్ద తెర మీద రీప్లే చూస్తాను. ఇంట్లో టీవీలో అదే వస్తుంది, కాఫీ కూడా ఉంటుంది.

పక్కన ఒక్కరికే చోటు. నలుగురం స్నేహితులం వెళ్తే ఇద్దరు ఎక్కడో పైన. హాఫ్‌టైమ్‌లో ఫోన్లో మాట్లాడుకుంటాం, ఒకే స్టేడియంలో ఉండి.

మా ఆట హాల్లో ఈ గొడవ లేదు. జనం లేచినా, కోర్టు పక్కన నేనుండేది మొదటి వరస. పక్కసీటు గారు నూటయాభై మందే అని బాధపడ్డారు కదా, ఆ నూటయాభై మందిలో ఇరవై కుర్చీలున్నాయేమో లెక్కపెట్టారా? ఏ పెద్ద మైదానంలో చూస్తారు ఆ నిష్పత్తి?

పక్కసీటు | సోమవారం, మధ్యాహ్నం 1.22

లెక్కపెట్టలేదన్నా. మా వరసలోనే నాలుగు ఉన్నాయి మరి.

నాలుగోక్వార్టర్ | సోమవారం, సాయంత్రం 6.40

జనం లేకపోతే ఎలా ఉంటుందో టోక్యోలో చూశాం. పారాలింపిక్స్ 2021లో జరిగాయి, కోవిడ్ వల్ల గేట్లు మూసేశారు. వీల్‌చైర్ రగ్బీ యొయోగి జిమ్నాజియంలో. 1964 ఒలింపిక్స్‌కి కట్టిన అందమైన కట్టడం, లోపల ఖాళీ కుర్చీలు. ఫైనల్లో బ్రిటన్ 54-49తో అమెరికాని ఓడించింది. బ్రిటన్‌కి ఈ ఆటలో అదే మొదటి పతకం, ఏకంగా బంగారం. ఆ జట్టులో కైలీ గ్రైమ్స్ ఉంది, ఈ ఆటలో పారాలింపిక్ బంగారం గెలిచిన మొదటి మహిళ. జీవితమంతా ఎదురుచూసిన క్షణంలో వాళ్లకి వినపడింది సొంత బెంచీ అరుపులే.

పాపం జపాన్ సంగతి చూడండి. సొంతగడ్డ మీద ఆడి, చూసేవాళ్లు లేకుండా కాంస్యం. మూడేళ్ల తర్వాత పారిస్‌లో జనం మధ్య 48-41తో అమెరికా మీద బంగారం. అప్పుడు అరిచింది వేరే దేశంవాళ్లు.

ఖాళీ హాలుతో ఒక లాభం ఉంది, టీవీలో ఆటగాళ్ల మాటలన్నీ వినపడ్డాయి. 0.5 ఆటగాడు వెనక నుంచి అందరికీ దారి చెబుతూ గొంతు చించుకుంటుంటాడు. మామూలుగా మనకి వినపడదు.

కొత్తగావచ్చా | సోమవారం, సాయంత్రం 7.15

నాకు ఇంకో అనుమానం. వైకల్యం లేని ప్రముఖులు సరదాకి కూర్చుని ఆడితే జనం వస్తారు కదా? దాని మీద మీ అభిప్రాయం?

సుధ_ఫిజియో | సోమవారం, రాత్రి 8.05

2014లో లండన్‌లో గాయపడ్డ సైనికుల ఇన్విక్టస్ గేమ్స్ మొదలైనప్పుడు ప్రిన్స్ హ్యారీ, ఇంగ్లండ్ మాజీ రగ్బీ ఆటగాడు మైక్ టిండాల్ వగైరా వీల్‌చైర్ రగ్బీ ప్రదర్శన మ్యాచ్ ఆడారు. హాలు ఊగిపోయింది. ఒక రోజుకి మంచిదే, కెమెరాలు వస్తాయి. కానీ ప్రముఖుడు పడ్డప్పుడు జనం నవ్వుతారు. ఆటగాడు పడ్డప్పుడు జనం "అయ్యో" అంటారు. నాకు ఈ రెండూ నచ్చవు. మాంచెస్టర్‌లో అరిచినట్టు "లే, లే, బంతి అటుంది!" అని అరవాలి.

స్క్రమ్‌సుబ్బారావు | సోమవారం, రాత్రి 8.11

అరిచినవాళ్లలో నేనున్నాను మేడమ్. గొంతు రెండు రోజులు పోయింది.

పక్కసీటు | శనివారం, రాత్రి 10.20

వారం తర్వాత వచ్చాను. ఇవాళ మళ్లీ వెళ్లాం. మ్యాచ్ తర్వాత అరగంట ఎవరైనా కూర్చుని చూడొచ్చు అన్నారు. పాప ముందు పరుగెత్తింది, నేను వెనకాల.

నడుముకీ తొడలకీ పాదాలకీ పట్టీలు బిగించారు. మొదటి తోపుకే కుర్చీ ముందుకి కాకుండా గుండ్రంగా తిరిగింది. కుడిచెయ్యి బలం ఎక్కువట. చక్రాలు పైన లోపలికి వాలి ఉంటాయి కదా, మోచెయ్యి రెండుసార్లు టైరుకి రాసుకుని చర్మం లేచింది. బంతి ఒళ్లో పెట్టుకుంటే తొయ్యడానికి రెండు చేతులూ ఖాళీ, కానీ ఆపగానే బంతి జారిపోతుంది. ఐదు నిమిషాల్లో నా ట్యాగ్ ఎన్నిసార్లు పోయిందో లెక్క తప్పాను, రెండుసార్లు తీసింది మా పాపే. బొటనవేళ్లు రెండూ బొబ్బలు. ఇది టైపు చేస్తున్నది చూపుడువేలితో.

ఆరో నంబరాయన అక్కడే ఉన్నాడు. పోయినవారం నేను ఇక్కడ రాసినదంతా చెప్పేశాను. పాప దాక్కుంది. ఆయన పెద్దగా నవ్వాడు. ఎడమ ప్యాంటు కాస్త పైకి లాగి చూపించాడు. మోకాలి కింద అల్యూమినియం గొట్టం, దానికి బూటు. పాప చాలాసేపు చూసి, ఆ బూటుకి సాక్సు ఎందుకని అడిగింది. "జత విడదీస్తే రెండోది బాధపడుతుంది" అన్నాడు.

వైకల్యం లేని ఇద్దరూ ఎవరో తర్వాత తెలిసింది. ఇద్దరిలో ఎవర్నీ నేను అనుమానించలేదు.

ఎర్రకార్డు | శనివారం, రాత్రి 10.38

హహ్హా. సుధ గారికి ఒక పాయింటు. ఫైనల్లో ఒక్కరే అన్నది మాత్రం నేను వదల్లేదు.

నాలుగోక్వార్టర్ | శనివారం, రాత్రి 10.44

వదలొద్దు, వచ్చే ప్రపంచకప్ దాకా కొట్టుకుందాం. పురుషులది, మహిళలది, వీల్‌చైర్‌ది మూడూ 2026లో, ప్రధానంగా ఆస్ట్రేలియాలో. 2025లో ఫ్రాన్స్‌లో జరగాల్సింది, డబ్బు సమస్యతో వాళ్లు చేతులెత్తేశారు. ఈ ఆట పుట్టిన దేశం అది, అక్కడ చూడాలని ఉండేది నాకు.

టైర్‌ట్యూబ్ | శనివారం, రాత్రి 11.02

పక్కసీటూ, బొబ్బలు చిదపకు. గురువారం సాయంత్రం మా ప్రాక్టీసుకి రా, ఒకరు తగ్గారు, నలుగురమే ఉన్నాం. బొటనవేళ్లకి టేపు రెండు చుట్లు వేసుకో, మోచేతుల దాకా చేతులున్న చొక్కా తొడుక్కో. పాపకి చిన్న కుర్చీ ఒకటి తీసి పెట్టాను. ఎడమ టైరులో గాలి నిలవట్లేదు, బుధవారం లోపల ట్యూబ్ మారుస్తాను.